చేపు ఎక్కువైన తల్లి, పొలమారే బిడ్డ



మాకు వచ్చే ప్రార్థన విన్నపములలో చంటిబిడ్డలను గూర్చినవి ఎప్పుడూ ఉంటాయి. వాటిలో ఒకటి మాత్రం ఊరు మారినా, ఇల్లు మారినా ఒకే తీరుగా వస్తున్నది. "అయ్యగారూ, బిడ్డ పుట్టి నెల దాటింది. తల్లికి పాలు సమృద్ధిగా ఉన్నాయి. అయినా బిడ్డ రొమ్ము పట్టగానే నాలుగు గుటకలు వేసి, పొలమారి, దగ్గి, వెనక్కు విరుచుకొని ఏడుస్తున్నాడు. మరల పట్టిస్తే మరల అంతే. తల్లి పాలు బిడ్డకు పడలేదంటున్నారు. డబ్బా పాలు మొదలు పెట్టమంటారా? ప్రార్థన చేయండి."

కొందరు ఇంకొక మాట చేరుస్తారు. దిష్టి తగిలిందంటారు. పాలకు ఎవరో ఏదో చేసారంటారు. రొమ్ము దగ్గరకు తీసుకోగానే కేకలు వేసే బిడ్డను చూచి దయ్యమేమోనని భయపడిన విశ్వాసుల ఇల్లు కూడా మేమెరుగుదుము. ప్రార్థన చేయుట మా పని, దానిని మేము మానము. అయితే ప్రార్థించి లేచిన తరువాత ఆ బిడ్డ పాలు త్రాగే తీరును కూడా ఇంటివారు ఒకసారి నిదానముగా చూడాలి. పాలు సమృద్ధిగా ఉండి బిడ్డ ఇలా పొలమారుతున్న ఇళ్ళలో చాలాచోట్ల అది దయ్యమూ కాదు, దిష్టీ కాదు, పాల దోషమూ కాదు. తల్లికి చేపు ఎక్కువ. అంతే.

పురుషులమై ఉండి ఈ సంగతి వ్రాయుట కొందరికి వింతగా తోచవచ్చు. బాలింతలు మాతో చెప్పుకోలేరు, మేమూ అడుగలేము. మా ఇంటివారు పురిటి ఇళ్ళకు వెళ్ళినప్పుడు చూచినది, ఆరోగ్య కేంద్రములో నర్సమ్మను అడిగి తెలిసికొన్నది, మేము చదివినది కలిపి ఇక్కడ పెడుతున్నాము. మేము వైద్యులము కాము. వైద్యుని దగ్గరకు పోవలసిన సందర్భములు క్రింద వేరుగా చెప్పాము. వాటిని దాటవేయవద్దు.

చేపు అనే మాట మన పల్లెలలో అందరికీ తెలిసినదే. గేదె క్రింద కూర్చున్న వెంటనే పాలు రావు. దూడను వదలుతాము. అది రెండు మూడుసార్లు కుమ్మి, చీకగానే పొదుగు నిండి, చన్నులు బిగిసి, గేదె చేపుతుంది. అప్పుడు పితికితే మొదటి ధారలు చెంబు అడుగున చుయ్యిమని పడతాయి. కొంతసేపటికి ధార సన్నబడుతుంది. తల్లి విషయములోనూ దేవుడు చేసిన ఏర్పాటు ఇటువంటిదే. మనుష్యులను పశువులతో పోల్చినామని ఎవరూ నొచ్చుకొనవద్దు. ఇద్దరినీ చేసినవాడు ఒక్కడే.

బిడ్డ చనుమొనను చీకగానే ఆ కబురు తల్లి మెదడుకు చేరుతుంది. అక్కడనుండి ఆక్సిటోసిన్ అనే హార్మోను రక్తములోనికి వస్తుంది. రొమ్ములో పాలు తయారయ్యే చిన్న చిన్న సంచుల చుట్టూ సన్నని కండరములు ఉన్నాయి. ఆ హార్మోను తగలగానే అవి బిగిసి పాలను ముందుకు నెడతాయి. సాధారణముగా బిడ్డ చీకడం మొదలు పెట్టిన నిమిషము, రెండు నిమిషములలో ఇది జరుగుతుంది. కొందరు తల్లులకు రొమ్ములో జివ్వుమని తెలుస్తుంది, కొందరికి ఏమీ తెలియదు. బిడ్డ ఏడుపు వినబడితేనే, బిడ్డను తలచుకుంటేనే రవిక తడిసేవారు ఉన్నారు. ఒకసారి పాలిచ్చే లోపల చేపు రెండు మూడుసార్లు కూడా రావచ్చు. కాని మొదటిదే సాధారణముగా బలమైనది.

ఈ నెట్టుడు కొందరిలో మెత్తగా ఉంటుంది, కొందరిలో పిచికారీ వలె ఉంటుంది. నెల బిడ్డ నోరెంత, గొంతెంత? చీకి, మింగి, ఊపిరి తీసుకొని, మరల చీకాలి. మూడు పనులూ వరుస తప్పకుండా చేయుట ఆ పసిగుడ్డు ఇంకా నేర్చుకుంటున్నది. ధార ఆగకుండా గొంతులో పడుతుంటే మింగడానికే తప్ప ఊపిరికి వ్యవధి దొరకదు. గనుక పొలమారుతుంది. దగ్గుతుంది. తల వెనక్కు లాగుకొని విరుచుకుంటుంది. కొందరు పిల్లలు చిగుళ్ళతో చనుమొనను బిగించి పట్టుకుంటారు. తల్లికి ప్రాణము పోయినంత నొప్పి. అది కొరుకుట కాదు, ధారను ఆపుకొనుటకు ఆ బిడ్డకు తెలిసిన ఒకే ఒక ఉపాయము. చేపు ఎక్కువైన గేదె దగ్గర దూడ నోటినిండా నురుగుతో తల వెనక్కు లాగుట మీరు చూచియే ఉంటారు. దూడకు పాలు పడలేదని అప్పుడు ఎవరూ అనరు.

ఇంటివారు చూడగలిగిన గుర్తులు మరికొన్ని ఉన్నాయి. బిడ్డ గటగట శబ్దముతో మింగుతుంది, మధ్యలో నాలుక టకటకమంటుంది. పాలతో పాటు గాలిని కూడా మింగుతుంది గనుక పొట్ట ఉబ్బి, కాళ్ళు ముడుచుకొని ఏడుస్తుంది. తరచుగా కక్కుతుంది. విరేచనము ఒక్కోసారి ఆకుపచ్చగా, నురుగుగా, పేలినట్లు శబ్దముతో అవుతుంది. ఒక రొమ్ము త్రాగుతుండగా రెండవది ధారగా కారి తల్లి చీరంతా తడుస్తుంది. ఇన్ని జరుగుతున్నా బిడ్డ బరువు మాత్రము బాగా పెరుగుతుంది. ఇది ముఖ్యమైన సంగతి. మొదటి మూడు నెలలలో బిడ్డ వారమునకు సుమారు 150 నుండి 200 గ్రాములు పెరిగితే చాలు. చేపు ఎక్కువైన తల్లి బిడ్డ అంతకంటె ఎక్కువే పెరుగుతుంటుంది. రోజుకు ఆరుసార్లు, అంతకు మించి తడుపుతుంది. ఏడ్చే బిడ్డ ఆకలితో ఏడుస్తున్నదనుకొనే అవ్వలు ఒకసారి అంగన్‌వాడీలో తూకము వేయించి చూస్తే వారి భయము సగము తీరిపోతుంది.

ఆ ఆకుపచ్చ విరేచనమును గూర్చి కూడా చెప్పాలి, ఎందుకనగా దానిని చూచే చాలామంది "పాలు వేడి చేసాయి" అంటారు. రొమ్ములో మొదట వచ్చే పాలలో నీరు ఎక్కువ, వెన్న తక్కువ. రొమ్ము ఖాళీ అవుతున్నకొద్దీ వెన్న పెరుగుతుంది. పాలు మరీ ఎక్కువగా ఉన్న తల్లి దగ్గర బిడ్డ కడుపు మొదటి పాలతోనే నిండిపోతుంది. పాలలోని చక్కెర తొందరగా పేగులలోనికి దిగి, అరగనిది పులిసి, గాలి, నురుగు పుడతాయి. బిడ్డ హుషారుగా ఉండి బరువు పెరుగుతుంటే ఆ రంగును చూచి భయపడవలసినది లేదు. ఆముదము పట్టవద్దు. వస కొమ్ము అరగదీసి నాకించవద్దు. వాము నీళ్ళు, గ్రైపు వాటరు, తేనె ఏవీ వద్దు. ముఖ్యముగా తేనెను సంవత్సరము నిండేవరకు ఏ బిడ్డకూ నాకించరాదు. దానిలో ఉండగల ఒక క్రిమి పసిపిల్లల నరములను చచ్చుబరచే జబ్బు తెస్తుంది.

ఇప్పుడు ఆ డబ్బా ప్రశ్నకు వస్తాము. వద్దు. ఎందుకు వద్దో ఇంటి పెద్దలకు కూడా తెలియాలి గనుక కొంచెము వివరముగా వ్రాస్తున్నాము. బిడ్డ రొమ్మును వద్దనడము లేదు, ధార వేగమును వద్దంటున్నది. ఆ రెంటికీ తేడా తెలియక ఎన్నో ఇళ్ళలో రెండవ నెలలోనే సీసా వచ్చి కూర్చుంటుంది. సీసా వచ్చినకొద్దీ బిడ్డ రొమ్మును చీకుట తగ్గుతుంది. తీయని పాలు రొమ్ములో నిలిచి, ఇక చేయవద్దని లోపలికి తామే కబురు పంపుతాయి. కొన్ని వారములకు పాల సమృద్ధి పోతుంది. అప్పుడు నిజముగానే పాలు లేని తల్లి అవుతుంది. ఆ తరువాత నెల నెలా డబ్బాల ఖర్చు. డబ్బా త్వరగా అయిపోతుందని పొడి తగ్గించి నీళ్ళు పెంచి కలిపే ఇళ్ళు ఉన్నాయి. సీసా సరిగా కాగక విరేచనములు పట్టుకున్న పిల్లలు ఉన్నారు. పాలపీక రంధ్రము పెద్దదైతే అక్కడ కూడా బిడ్డ పొలమారుతుంది, ఇది మరచిపోతారు. గేదె పాలు చిక్కనివి గనుక మంచివనుకుంటారు. ఆ చిక్కదనమునే పసిబిడ్డ మూత్రపిండములు మోయలేవు. డబ్బా పాలకు, సీసాలకు ప్రకటనలు చేయరాదని మన దేశములో 1992లోనే చట్టము వచ్చింది, 2003లో దానిని మరింత గట్టి చేసారు. ప్రభుత్వమునకు అంత పట్టింపు ఊరకనే కలుగలేదు. ఆరు నెలలు నిండేవరకు బిడ్డకు తల్లి పాలు తప్ప మంచినీళ్ళు కూడా అవసరము లేదు. మన ఎండాకాలములో కూడా అంతే. తల్లి పాలలో నూటికి 87 పాళ్ళకు పైగా నీరే ఉన్నది.

మరి చేపును ఎలా తట్టుకోవాలి? ఇక్కడ మాకు ఆదికాండము 33వ అధ్యాయములోని యాకోబు జ్ఞాపకము వస్తాడు. ఇరవై ఏండ్ల తరువాత అన్న కలిసాడు, కలిసి ప్రయాణము చేద్దామన్నాడు. ఏశావు వెంట ఉన్నవారు నాలుగు వందల మంది మగవారు, నడక వేగము గలవారు. యాకోబు ఒప్పుకొనలేదు. తన వెంట పసిపిల్లలు ఉన్నారని, పాలిచ్చే పశువులు ఉన్నవని, ఒక్క దినము వడిగా తోలినా మంద చచ్చిపోతుందని చెప్పి, వాటి నడకకు తగినట్లు మెల్లగా వస్తానన్నాడు. యాకోబు మాటలలో యుక్తి ఎంతో, జాగ్రత్త ఎంతో పండితులు తర్కించుకొందురు గాక. చంటివాటి నడకను బట్టి పెద్దవారు నడవాలన్న మాట మాత్రము ఏ పశువుల కాపరిని అడిగినా నిజమే అంటాడు. చేపు ఎక్కువైన తల్లి చేయవలసినది కూడా ఇదే. పాలను ఆపుట కాదు, బిడ్డ మింగగలిగినంత వేగమునకు దించుట.

మొదటిది కూర్చునే తీరు. మన స్త్రీలు సాధారణముగా బాసింపట్టు వేసుకొని బిడ్డను ఒడిలో వెల్లకిల పడుకోబెట్టి, ముందుకు వంగి పాలిస్తారు. రొమ్ము పైన, బిడ్డ గొంతు క్రింద. అసలే వేగముగా వచ్చే ధారకు పల్లము కూడా తోడవుతుంది. కాలువ నీరు ఎటు పారుతుందో రైతు కుటుంబములకు మేము చెప్పవలసిన పని లేదు. దీనిని తిరగవేయాలి. గోడకు రెండు మూడు దిండ్లు చేర్చి తల్లి వెనక్కు బాగా వాలాలి, పడక కుర్చీలో వాలినట్లు. బిడ్డను తన పొట్ట మీద బోర్లగా, కడుపుకు కడుపు తగిలేటట్లు పరుచుకొని రొమ్ము పట్టించాలి. ఇప్పుడు బిడ్డ తల రొమ్ముకు పైన ఉన్నది. పాలు ఎక్కి రావాలి గనుక ధార జోరు తగ్గుతుంది, ఎక్కువైన పాలు బిడ్డ పెదవి అంచునుండి జారిపోతాయి. బిడ్డ ముక్కుకు గాలి ఆడుతున్నదా అని తల్లి చూచుకుంటుండాలి. ఈ ఒక్క మార్పుతోనే తేలికపడిన తల్లులు ఉన్నారని మా ఇంటివారి సాక్ష్యము. మొదట చూచిన అత్తగారికి మాత్రము "ఇదేమి పాలిచ్చే తీరు, పడుకొని?" అని కోపము వస్తుంది. రెండు పూటలు ఓర్చుకొని చూడమని మా మనవి.

వాలి కూర్చోలేనివారు, ఆపరేషను కాన్పు అయి పొట్ట మీద బరువు ఓర్వలేనివారు ప్రక్కకు తిరిగి పడుకొని ఇవ్వవచ్చు. తల్లీబిడ్డలు ఎదురెదురుగా ఉండాలి, బిడ్డ చెంప క్రింద ఒక పాత మెత్తని గుడ్డ ఉంటే కారిన పాలు దానిలోనికి పోతాయి. అయితే నిద్ర ముంచుకొస్తున్నప్పుడు ఇలా ఇవ్వవలసి వస్తే ఇంటిలో ఒకరు మేలుకొని ఉండాలి. అలసిన బాలింత రొమ్ము బిడ్డ నోటనే ఉంచి నిద్రపోవుట ప్రమాదము.

రెండవది ఆ మొదటి పిచికారీ. బిడ్డకు రొమ్ము పట్టించి, చేపు వచ్చినట్లు తెలియగానే, లేదా బిడ్డ గుటకలు తొందరపడగానే, చిటికెన వ్రేలు బిడ్డ పెదవి మూలనుండి లోనికి పోనిచ్చి పట్టు విడిపించి రొమ్ము తీయాలి. ఆ ధారను ఒక శుభ్రమైన గుడ్డలోనికి పోనివ్వాలి. అర నిమిషము, నిమిషములో అది చుక్కలకు దిగుతుంది. అప్పుడు మరల పట్టించాలి. ఇక్కడ ఒక హెచ్చరిక. అదే మంచిదని ప్రతిసారి గ్లాసుడు పిండి పారబోసే తల్లులు ఉన్నారు. వారికి పాలు తగ్గవు, పెరుగుతాయి. రొమ్ము లెక్క చాలా చిత్రమైనది. ఎంత తీస్తే అంత కావాలనుకొని మరుసటి దినము అంత చేస్తుంది. గనుక పిండినా రొమ్ము బిగువు తగ్గి సుఖపడేంతవరకే పిండాలి, ఖాళీ చేయరాదు.

బిడ్డ గుక్కపెట్టి ఏడ్చేంత ఆకలి కాకముందే పాలివ్వడము మంచిది. ఆకలి ముదిరిన బిడ్డ ఆవురావురుమని బలముగా చీకుతుంది, చేపు కూడా అంత జోరుగా వస్తుంది. చేతులు నోటిలో పెట్టుకొనుట, తల అటు ఇటు తిప్పి వెదకుట మొదలైనప్పుడే తీసుకోవాలి. నిద్ర మత్తులో ఉన్న బిడ్డ నెమ్మదిగా త్రాగుతుంది. మధ్య మధ్యలో ఆపి భుజము మీద నిలువుగా వేసుకొని వీపు మీద మెల్లగా నిమరాలి, త్రేన్పు వస్తుంది. త్రేన్పు రాలేదని పావుగంట దంచవద్దు. రాకపోతే రాలేదు.

పొలమారినప్పుడు మన ఇళ్ళలో ఎవరో తలచుకుంటున్నారంటారు, మాడు మీద ఊదుతారు, కొందరు కాళ్ళు పట్టి తలక్రిందులుగా ఎత్తుతారు. ఊదినందువలన నష్టము లేదు, లాభమూ లేదు. తలక్రిందులుగా మాత్రము ఎత్తవద్దు, నోటిలో వ్రేలు పెట్టి గెలకవద్దు. రొమ్ము తీసి బిడ్డను నిలువుగా, కొంచెము ముందుకు వంచి పట్టుకుంటే తానే దగ్గి సర్దుకుంటుంది. దగ్గు, ఏడుపు వినబడుతున్నంతవరకు గాలి ఆడుతున్నట్లే. ఎప్పుడైనా శబ్దమే లేక, ఊపిరి ఆడక బిడ్డ నీలముగా మారితే ముంజేతి మీద బోర్లగా, తల పల్లముగా పడుకోబెట్టి, తల, దవడలకు చేతి ఆధారమిచ్చి, రెక్కల మధ్య అరచేతి మడమతో ఐదు దెబ్బలు వేయాలి. తేరుకొనకపోతే వెల్లకిల త్రిప్పి రొమ్ము ఎముక మీద రెండు వ్రేళ్ళతో ఐదుసార్లు నొక్కాలి. బిడ్డ తేరుకొనేవరకు మరల వీపు, మరల రొమ్ము ఎముక. ఈలోగా మరొకరు 108కి ఫోను చేయాలి. ఇది మీ ఊరి ఆశా కార్యకర్త దగ్గర బొమ్మతోనో, చేతితోనో ఒకసారి చూచి నేర్చుకోండి. కాగితము మీద చదివి చేసే పని కాదు. బిడ్డ పుట్టిన 3వ, 7వ, 14వ, 21వ, 28వ, 42వ దినములలో ఆమె మీ ఇంటికి వచ్చి చూడవలసియున్నది. వచ్చినప్పుడు ఏమీ అడుగక టీ ఇచ్చి పంపవద్దు.

ఇక తిండి. బాలింతకు పాలు పడాలని మన పెద్దలు ప్రేమతో పెట్టేవి ఎన్నో ఉన్నాయి. కోస్తా పల్లెలలో పాలసొర పులుసు, వెల్లుల్లి కారము, పచ్చి బొప్పాయి కూర, మెంతులు, దానికి తోడు ఇప్పుడు మందుల అంగడిలో పాలు పెంచే పొడులు. పాలు చాలని తల్లికి వీటి సంగతి వేరు. పాలు పొంగి పొర్లుతున్న తల్లికి మెంతులు, పొడులు ఇంకా పెట్టుట నిండిన చెరువుకు కాలువ త్రవ్వినట్లే. అవి ఆపండి. అన్నము, కూర, పప్పు, గ్రుడ్డు, చేప మాత్రము ఆపవద్దు. పాలు తగ్గాలని బాలింతకు నీళ్ళు తగ్గించే ఇళ్ళు ఉన్నాయి. అది తప్పు. దాహమైనంత త్రాగాలి. ఉపవాస కూటముల కాలములో పాలిచ్చే తల్లులు కూడా ఉపవాసముండాలా అని అడుగుతుంటారు. మా సంఘములో మేము ఉండవద్దనే చెబుతాము.

ఇంత చేసినా పాలు మరీ ఎక్కువై రొమ్ములు ఎప్పుడూ రాళ్ళవలె ఉంటే ఇంకొక పద్ధతి ఉన్నది. దానిని నర్సమ్మకో వైద్యునికో చెప్పి, వారు చూస్తుండగానే చేయాలి. మూడు గంటలపాటు బిడ్డ ఎన్నిసార్లు అడిగినా ఒకే రొమ్ము ఇవ్వాలి, తరువాతి మూడు గంటలు రెండవది. ఆగియున్న రొమ్ము బిగిస్తే బిగువు తగ్గేంత పిండి తడిగుడ్డ వేయాలి. నిలిచిన పాలు ఇక చాలునని చెప్పినందున కొన్ని దినములలో ఉత్పత్తి తగ్గుతుంది. తగ్గిన తరువాత దీనిని ఆపివేయాలి. బిడ్డ పుట్టిన మొదటి నాలుగు, ఆరు వారములలో ఇది చేయరాదు, ఎందుకనగా ఆ దినములలో ఎవరికైనా పాలు హెచ్చుతగ్గులుగానే ఉంటాయి, తమంతట తామే సర్దుకుంటాయి. బరువు పెరుగని బిడ్డ విషయములో అసలే చేయరాదు. చేపు జోరే గాని పాలు మామూలుగానే ఉన్న తల్లులకు దీని అవసరము లేదు, వాలి కూర్చుంటే చాలు. చాలామందికి మూడు నెలలు నిండేసరికి ఇటు పాలు కుదురుకుంటాయి, అటు బిడ్డ మింగుట నేర్చుకుంటుంది.

వైద్యుని దగ్గరకు ఎప్పుడు పోవాలి? బిడ్డ పెదవులు నీలముగా మారినా, ధార సన్నగా ఉన్నప్పుడు కూడా ప్రతిసారి పొలమారుతున్నా, పాలు ఎప్పుడూ ముక్కునుండి వస్తున్నా, ఊపిరి తీసేటప్పుడు కీచుమని శబ్దము ఉన్నా ఆలస్యము చేయవద్దు. అంగిలిలోనో గొంతులోనో ఏదైనా లోపము ఉండవచ్చు. రెండు నెలల లోపు బిడ్డ ఊరకనే పడుకొని ఉన్నప్పుడు నిమిషమునకు 60 సార్లు, అంతకు మించి ఊపిరి తీస్తున్నా, ఒళ్ళు కాలినా, పాలు పట్టుట మానినా, మూత్రము ఆరుసార్ల కంటె తగ్గినా, విరేచనములో రక్తము కనబడినా అదే దినము చూపించాలి. తల్లికి చలి జ్వరము వచ్చి రొమ్ములో ఒకచోట ఎర్రగా, వేడిగా, గట్టిగా ఉంటే అది పాలగడ్డ వాపు. పాలెక్కువైన తల్లులకు ఇది త్వరగా వస్తుంది. మందు వాడాలి, పాలివ్వడము మాత్రము ఆపకూడదు. ఆ పాలు బిడ్డకు చెడుపు చేయవు. ఆపితేనే గడ్డ ముదురుతుంది. గట్టిగా పిసికి మర్దన చేయుట కూడా మంచిది కాదు.

భర్తలకు ఒక మాట. సమూయేలు మొదటి గ్రంథము మొదటి అధ్యాయములో హన్నాను గూర్చి మనము ఎన్నో ప్రసంగములు విన్నాము. ఎల్కానాను గూర్చి అంతగా వినలేదు. ప్రతి సంవత్సరము కుటుంబమంతా షిలోహుకు బలి అర్పించుటకు వెళ్ళే ఆచారము ఆ ఇంటిలో ఉన్నది. బిడ్డ పాలు విడిచేవరకు రానని హన్నా చెప్పింది. ఎల్కానా ఆమెతో వాదించలేదు, నలుగురు ఏమనుకుంటారోనని చూడలేదు. నీకు మంచిదని తోచినట్లు చేయుమని ఇంటిలో ఉండనిచ్చాడు. మన ఇళ్ళలో బాలింత తడిసిన రవికతో, ఏడ్చే బిడ్డతో, చుట్టూ నలుగురు నాలుగు మాటలంటుండగా కూర్చుంటుంది. నీ పాలు మంచివి కావని ఇంటిలో ఎవరైనా అన్నప్పుడు తల్లి తానే జవాబు చెప్పుకోలేదు. అప్పుడు ఎల్కానా ఎక్కడ ఉన్నాడు? అరుగు మీద. లేచి లోపలికి వచ్చి దిండ్లు సర్ది, ఒక చెంబు మంచినీళ్ళు అందించి, "మందు, డబ్బా ఏమీ వద్దు, పది దినములు చూద్దాము" అని తన తల్లితో మర్యాదగా చెప్పగలిగినవాడు భర్త ఒక్కడే.

ఈ తల్లులలో కొందరు ఆరాధనకు రావడము మానుకుంటున్నారు. పాట మొదలయ్యేసరికి బిడ్డ ఏడుస్తుంది, చీర తడుస్తుంది, అందరి మధ్య వాలి కూర్చొని పాలివ్వలేరు. వారిని వెనుకబడినవారని ఎవరూ అనవద్దు. రాగలిగినవారికి ఒక చిన్న ఉపాయము. నూలు గుడ్డను నాలుగు మడతలు వేసి రవికలో పెట్టుకోవాలి. వేళ కాని వేళ చేపు వచ్చినట్లు తెలిస్తే చేతులు కట్టుకున్నట్లు పెట్టి అరచేతులతో రొమ్ములను నిమిషముసేపు అదిమితే చాలావరకు ఆగుతుంది. సంఘ పెద్దలు చేయగలిగినది కూడా ఉన్నది. మందిరము ప్రక్కన చాపలు, తబేలాలు పెట్టే గది చాలాచోట్ల ఊరకనే ఉంటుంది. మేము మా మందిరములో ఆ గదిని ఖాళీ చేయించి ఒక పడక కుర్చీ, నాలుగు దిండ్లు, తలుపుకు ఒక తెర వేయించాము. లోపలికి ప్రసంగము వినబడేటట్లు చిన్న స్పీకరు ఒకటి మన యౌవనస్థులే బిగించారు. గది గుమ్మము దగ్గర చెప్పులు విడిచి కబుర్లు చెప్పుకొనే మగవారిని మాత్రము ఇంకా రెండు ఆదివారములు బ్రతిమాలవలసి వచ్చేటట్లున్నది.